పట్టికలో లేని తొమ్మిది మంది

ఫ్యాక్స్ మిషను మరోసారి కుయ్యిమని మూలిగి ఆగిపోయింది. కొట్టు ఆదిబాబు కాగితాన్ని వెనక్కి లాగి డాక్టర్ వసంతలక్ష్మి చేతికిచ్చాడు. "లైను దొరకట్లేదమ్మా. వానొచ్చిందంటే ఢిల్లీ నంబర్లన్నీ ఇలాగే ఏడుత్తాయి. కూకోండి, ఓ పది నిమిషాలాగి మళ్ళీ కొడతాను" అన్నాడు. టెక్కలి వదిలి ఇరవై ఏళ్ళయినా అతని మాట ఇంకా టెక్కలిలోనే ఉంది. ఆమె గోడవారగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గడియారం చూసింది. నాలుగూ ఐదు. ఐదింటికల్లా ఈ ఒక్క కాగితం ఢిల్లీలోని వైద్య పత్రిక ఆఫీసుకు చేరాలి. చేరితే రెండేళ్ళుగా తను చేసిన పరిశోధన వచ్చే సంచికలో అచ్చవుతుంది. చేరకపోతే సోమవారం పేజీలు ప్రెస్సుకి వెళ్ళేటప్పుడు దాన్ని పక్కన పెట్టేస్తారు. శనివారం కావడంతో ఆసుపత్రి ఆఫీసు మధ్యాహ్నమే మూసేశారు, అందుకే జంషెడ్‌పూర్ బిష్టుపూర్ బజారులో ఈ కొట్టుకి రావలసి వచ్చింది. లైను దొరికి ఉంటే ఈపాటికి ఇంట్లో టీ తాగుతూ ఉండేది.

కాగితం మీద మూడే ప్రశ్నలు. ఈ ఏడాదే పత్రిక వాళ్ళు మొదలుపెట్టారు, రెండువేల రెండు జనవరి నుంచి ఏ డాక్టరు వ్యాసం పంపినా ఇది నింపాలి. మీరు పరీక్షించిన మందు తయారుచేసే వారి నుంచి మీకు గానీ మీ ఆసుపత్రికి గానీ ఏమైనా అందిందా. ప్రయాణాలు, బహుమతులు, ప్రసంగాలకు పారితోషికాలు ఏమైనా తీసుకున్నారా. ఫలితాలు లెక్కకట్టడంలో వారి ప్రమేయం ఏమైనా ఉందా. ఒక్కో ప్రశ్న ఎదురుగా రెండు గళ్ళు, అవును, లేదు. మూడింటికీ 'లేదు' గడిలోనే టిక్కు ఉంది, నీలం సిరాతో, తన చేత్తో పెట్టినవే. కింద తన సంతకం, దాని పక్కన డాక్టర్ సీతారామరావు గారిది. ఊపిరితిత్తుల విభాగానికి పెద్ద ఆయన, తనకు పని నేర్పినవాడు. పొద్దున్న ఆయన గదిలో కాగితం ముందు పెడితే కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని నవ్వారు. "ఏమిటమ్మా ఇది, పెళ్ళిసంబంధం వాళ్ళలా అన్నీ అడుగుతున్నారు. కంపెనీ వాళ్ళు ఆ ఊపిరి మిషను ఆసుపత్రికిచ్చారు, నీకూ నాకూ కాదుగా. లేదు అని పెట్టేయ్." పెట్టేసింది. అలా పెట్టేయడానికి పట్టిన సమయం ఎంత, మూడు క్షణాలు. ఇప్పుడు ఈ వాన తనకు గంట సమయం ఇచ్చింది, ఆ గంటతో ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

వాన రోడ్డు మీద ఏటవాలుగా పడుతోంది, ఎదురుగా బ్యాంకు మెట్ల మీద జనం గుంపుగా నిలబడి ఉన్నారు, ఆటోవాళ్ళు సైడు పరదాలు దించేసి సాక్చీ, సాక్చీ అని లోపలి నుంచే అరుస్తున్నారు. మిషను ఆసుపత్రికిచ్చారు, నీకూ నాకూ కాదుగా. నిజమే. కానీ ఆ మిషను వచ్చిన రోజున తను ఎంత సంబరపడిందో తనకి తెలుసు. ఊపిరి కొలిచే యంత్రం, గొట్టంలోకి గట్టిగా ఊదితే ఎంత గాలి వచ్చిందో గీత గీసి చూపిస్తుంది, రోగులు దానికి ఊదుడు మిషను అని పేరు పెట్టారు. అది రాకముందు పదహారేళ్ళు వీపు మీద స్టెతస్కోపు ఆనించి, వినిపించిందాన్ని బట్టి ఊహించి మందు రాసేది. కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళు, ఇటుక బట్టీల వాళ్ళు, బొగ్గు ధూళి మింగినవాళ్ళు, అందరి రొమ్ములోనూ ఒకటే పిల్లికూత. మిషను వచ్చాక ఎవరిది ఉబ్బసమో ఎవరి ఊపిరితిత్తి గట్టిపడిపోయిందో కాగితం మీద కనిపించింది. ముంబయి మందుల కంపెనీ అది ఊరికే ఇవ్వలేదు, వాళ్ళు కొత్తగా తెచ్చిన పీల్చే మందుని అరవై రెండు మంది మీద పరీక్షించి చూడమని ఇచ్చింది. ఇచ్చినప్పుడు అందులో తప్పేమీ కనపడలేదు. ఇప్పటికీ కనపడటం లేదు. ఇచ్చారని చెప్పడానికి ఎందుకు బరువుగా ఉంది మరి?

చెన్నై సంగతి కూడా అంతే. పోయిన డిసెంబరులో సదస్సుకి టికెట్లు వాళ్ళే తీశారు, హోటలు గది వాళ్ళే. పదకొండేళ్ళ కూతురు శ్రీనిధిని వెంట తీసుకెళ్తానంటే దాని టికెట్టూ పంపించారు. జంషెడ్‌పూర్‌లో పుట్టి పెరిగిన పిల్ల, నీళ్ళంటే దానికి నదీ, డిమ్నా చెరువూ. సముద్రం ముందు నిలబెడితే తల్లి కొంగు పట్టుకుని "మమ్మీ, యే తో ఖతమ్ హీ నహీ హోతా" అంది, అసలిది అయిపోదా అన్నట్టు. అల వచ్చి కాళ్ళ కింద ఇసుకని లాగేస్తుంటే పడిపోతానని కేకలు వేసి నవ్వింది. ఆ నవ్వుని ఏ గడిలో టిక్కు పెట్టాలి? పిల్ల నవ్వుకీ మందు ఫలితానికీ సంబంధం ఏమిటని తనకి తనే చెప్పుకుంది అప్పుడు. సంబంధం ఉంది. తిరిగి వచ్చిన వారానికే కంపెనీ ప్రతినిధి నితిన్ వచ్చి ఫలితాల పట్టిక తీసి బల్ల మీద పెట్టినప్పుడు, కాదు అనడానికి నోరు రాకపోవడంలో ఆ సముద్రం కొంచెం ఉంది.

నితిన్ చెడ్డవాడు కాడు. అతను చెడ్డవాడైతే ఇదంతా ఎంత తేలికగా ఉండేదో. కంపెనీ మనిషే గానీ, వాళ్ళ నాన్నకి ఉబ్బసమని, చిన్నప్పుడు రాత్రుళ్ళు నాన్న వీపు రాస్తూ కూర్చునేవాడినని ఒకసారి చెప్పాడు. ఆ మందు మీద అతనికి నిజంగానే నమ్మకం. "మేడమ్, ఆరు వారాలు కూడా వాడనివాళ్ళు తొమ్మిది మంది ఉన్నారు. వాళ్ళని లెక్కలోకి తీసుకోకపోతే పట్టిక శుభ్రంగా ఉంటుంది" అన్నాడు. శుభ్రంగా. ఆ మాట అప్పుడు చెవికి ఇంపుగా వినిపించింది. పరిశోధన మొదలుపెట్టినప్పుడు అలాంటి నియమం ఏదీ రాసుకోలేదని తనకి తెలుసు, అతనికీ తెలుసు. టీ తాగుతూ సరేనంది. సీతారామరావు గారు పైపైన చూసి సరేనన్నారు. అరవై రెండు యాభై మూడయ్యాయి, ఇబ్బందుల వరుసలో అంకెలు పలచబడ్డాయి, మందు దాదాపు ఏ బాధా లేనిదిగా తేలింది.

రోడ్డు మీద ఒక ట్రైలరు మెల్లగా వెళ్తోంది, పైన మూడు ఇనుప రేకు చుట్టలు, కాయిళ్ళంటారు, ఒక్కొక్కటి చిన్న గది అంత, గొలుసులతో బిగించి ఉన్నాయి, వాటి మీంచి వాననీరు కారుతోంది. అది కొట్టు ముందు నుంచి దాటుతుంటే నేల కుర్చీ కాళ్ళలోంచి కదిలినట్టయింది, వసంతలక్ష్మికి ఉన్నట్టుండి సూర్యం గొంతు వినిపించింది. వినిపించకూడదని ఆరునెలలుగా దూరంగా పెట్టిన గొంతు. సూర్యం బారిడీహ్‌లో ఉంటాడు, కాంట్రాక్టరు కింద ఒక యార్డులో క్రేన్ నడుపుతాడు, పరిశోధనలో పందొమ్మిదో నంబరు. మందు మొదలుపెట్టిన నాలుగో వారంలో వచ్చాడు. బయట వరండాలో నలభై మంది ఉన్నారు, ఒంటిగంట దాటింది, తనకి ఆకలిగా ఉంది.

"డాక్టరమ్మా, ఊపిరి బాగానే ఆడతంది, అబద్ధమెందుకాడాల. గానీ సెయ్యి వొణుకుతంది. నాను కిరేను మీద కూకుంటాను గదా, కింద మనుసులుంటారు. మొన్న కాయిలు దింపుతుంటే మూరెడు పక్కకెళ్ళిపోనాది. కిందున్నోడు నవ్వీసినాడు. నాకు నవ్వు రాలేదు. మందు మానీసినాను."

"మొదట్లో కొంచెం వణుకు ఉంటుంది సూర్యం, రెండు వారాలు ఓపిక పట్టు, అదే తగ్గుతుంది" అంది తను.

"రెండు వారాలు కిందోల్లని పనాపమంటారేటమ్మా?"

తను ఫైలులో 'సొంత కారణాల వల్ల మానేశాడు' అని రాసి తర్వాతి మనిషిని పిలిచింది. సొంత కారణాలు. కింద నిలబడ్డ మనుషుల ప్రాణం అతని సొంత కారణం. మిగతా ఎనిమిది మంది ఎవరు? గుర్తు తెచ్చుకోవాలని చూసింది. గోవింద్‌పూర్ నుంచి వచ్చే ట్రక్కు డ్రైవరు ఒకడు, సర్దార్‌జీ, పేరు రాలేదు. జాకెట్లు కుట్టే పైడమ్మ, సూదిలోకి దారం ఎక్కట్లేదని నవ్వుతూ చెప్పింది, ఆ నవ్వు చూసి పెద్ద విషయం కాదనుకుంది తను. బడి మాస్టారు ఒకాయన, గుండె దడ అన్నారు. నలుగురు. తక్కిన ఐదుగురి మొహాలు రావడం లేదు. నంబర్లు గుర్తున్నాయి, మొహాలు రావడం లేదు. యాభై ముగ్గురిలో ఒక్కొక్కరి గీత ఎంత పైకి లేచిందో చూడకుండా చెప్పగలదు.

ఈ వ్యాసం ఎవరు చదువుతారు? బొకారోలో చదువుతారు, రూర్కెలాలో, భిలాయిలో, విశాఖలో. అన్నీ ఇనుము ఊళ్ళే. తనలాంటి డాక్టర్లు, ఒంటిగంటకి ఆకలి మీద ఉన్నవాళ్ళు, వరండా నిండా మనుషులున్నవాళ్ళు. జంషెడ్‌పూర్‌లో పరీక్షించారట, కార్మికుల మీదే పరీక్షించారట, ఏ ఇబ్బందీ లేదట అని నమ్మి రాసేస్తారు. తన పేరు చూసి నమ్ముతారు. ఆ మందు పీల్చి ఎంతమంది క్రేన్లు ఎక్కుతారో, ఎంతమంది స్టీరింగు పట్టుకుంటారో. మందు మంచిదే, అది కూడా నిజం, మెట్లెక్కలేని మనిషి మూడో అంతస్తుకి నడిచి వచ్చి చూపించాడు. మంచి మందు గురించి సగం చెప్పడం వల్ల ఎవరికి మేలు?

"కలిసిందమ్మా" అన్నాడు ఆదిబాబు, రిసీవరు చెవి దగ్గర పెట్టుకుని. "అటు కూత వినబడతంది. కాగితం ఇలాగియ్యండి, బేగి పెట్టీయాల, మళ్ళీ పోద్ది."

నాలుగూ ఇరవై అయిదు. ఆమె లేచి నిలబడింది, కాగితం ఇవ్వబోయింది, చెయ్యి మధ్యలోనే ఆగింది.

"ఆగండి ఆదిబాబు గారూ. కాగితం తప్పు రాశాను. తెల్ల కాగితం ఒకటివ్వండి. ముందు ఇక్కడే ఒక ఫోను చేసుకోవాలి."

అతను రిసీవరు పెట్టేసి ఫోను ఆమె వైపు జరిపాడు. సీతారామరావు గారిల్లు రెండు వీధుల అవతలే. ఆయనే ఎత్తారు. తడుముకోకుండా చెప్పాలనుకుంది గానీ తడుముకుంది, ముందు మిషను గురించి, తర్వాత చెన్నై గురించి, చివరికి తొమ్మిది మంది గురించి, గుర్తున్న మాస్టారూ డ్రైవరూ సహా. మూడు ప్రశ్నలకీ 'అవును' అని రాస్తానంది.

"ఇప్పుడా?" అన్నారాయన. "సంతకాలయ్యాక? వసంతా, నువ్వలా రాస్తే వాళ్ళు వ్యాసం మొత్తం తీసిపారేస్తారు. రేపు మిషను పట్టుకుపోతే ఏం చేస్తాం? ఇంకెవరిస్తారు మనకి?"

"మిషను ఆసుపత్రి పేరున రాసిచ్చారు సార్, పట్టుకుపోలేరు. పట్టుకుపోయినా పదహారేళ్ళు అది లేకుండానే చూశాం కదా. కానీ సూర్యం చెప్పింది నేను రాయలేదు. అది మాత్రం నన్ను వదలడం లేదు."

"ఎవరా సూర్యం?"

"పందొమ్మిదో నంబరు. క్రేన్ నడుపుతాడు. మందుకి చెయ్యి వణుకుతోందని, కింద మనుషులుంటారని మానేశాడు."

వాన చప్పుడు ఆయన ఇంటి మీద పడేది కూడా ఫోనులో వినిపిస్తోంది. "అయితే నా పేరు తీసేయ్" అన్నారు. ఫోను పెట్టేసిన చప్పుడు.

ఆమె రిసీవరు పట్టుకునే నిలబడింది. పద్దెనిమిదేళ్ళ క్రితం ఉద్యోగంలో చేరిన మొదటి వారం, తను ఒక ఎక్స్‌రే తప్పు చదివితే, ఆయన వార్డులో అందరి ముందూ ఆ తప్పు తనమీద వేసుకున్నారు. బయటికి వచ్చాక, తప్పు చదవడం తప్పు కాదమ్మా, మళ్ళీ చూడకపోవడం తప్పు అన్నారు. ఆ మాట ఆయనకి గుర్తుందా, లేదా. ఇప్పుడు ఫోను చేసి గుర్తు చేస్తే బాగుండదు. కుర్చీ లాక్కుని, గల్లా బల్ల చివర తెల్ల కాగితం పెట్టుకుని, ఒక్క పేరుతోనే రాయడం మొదలుపెట్టింది. యంత్రం వారిచ్చింది. చెన్నై సదస్సుకు నేనూ నా కూతురూ వారి ఖర్చు మీద వెళ్ళాం. ఆరు వారాల లోపు మానేసిన తొమ్మిది మందిని తీసేయాలన్న సూచన వారి ప్రతినిధిది, ఒప్పుకున్నది నేను, ఆ నియమం మొదట లేదు. ఆ తొమ్మిది మందిలో కనీసం ముగ్గురు మందు వల్ల కలిగిన ఇబ్బందితోనే మానేశారు. మిగిలినవారు ఎందుకు మానేశారో నేను సరిగ్గా అడగలేదు. అడిగి, అరవై రెండు మందితోనూ పట్టిక మళ్ళీ వేసి పంపుతాను, పది రోజులివ్వండి. ఇంగ్లీషులో రాస్తుంటే మాటలు పొట్టిగా, కటువుగా వచ్చాయి, అదే మంచిదనిపించింది.

ఆఖరి వాక్యం రాస్తుండగా కొట్టు గుమ్మంలో గొడుగు మూసిన చప్పుడయింది. సీతారామరావు గారు. ఇంట్లో వేసుకునే పైజామా, మోకాళ్ళ దాకా తడిసిపోయి ఉంది, కళ్ళజోడు మీద చుక్కలు. ఆదిబాబు గభాలున లేచి తన కుర్చీ ఇచ్చాడు. ఆయన కూర్చోలేదు. కాగితం అందుకుని, చొక్కా అంచుతో కళ్ళజోడు తుడుచుకుని, మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివారు. మొదటిసారి చదివి రోడ్డు వైపు చూశారు, మళ్ళీ చదివారు.

"పెన్నివ్వు" అన్నారు. "ఇంకో వాక్యం ఉంది, అది నేను రాయాలి. ఏడాదికి నాలుగుసార్లు వాళ్ళ సమావేశాల్లో ప్రసంగాలిస్తాను, రాంచీలో, పట్నాలో, కలకత్తాలో. ఊరికే ఇవ్వను. నీకు చెప్పలేదు. రెండో ప్రశ్న చూసినప్పుడు పొద్దున్న నవ్వాను చూడు, అది అందుకే."

ఆమె పెన్ను అందించింది. ఆయన వంగి బల్ల మీదే రాశారు, అక్షరాలు పెద్దవిగా, వయసు మీద పడిన చేతిరాత. సంతకం పెట్టి పెన్ను మూసి, "నీ క్రేన్ మనిషి చెప్పింది మామూలు సంగతి కాదు వసంతా" అన్నారు. "ఈ మందు రాసేముందు నువ్వేం పనిచేస్తావని అడగాలి. అంతే కదా? అసలు మన వ్యాసంలో చెప్పాల్సిందే అది. మనం దాన్నే తీసేశాం."

నాలుగూ యాభై. మొదటిసారి లైను పోయింది, రెండోసారి మధ్యలో తెగింది, మూడోసారి కాగితం నెమ్మదిగా, ఒక్కో వరుసే, లోపలికి వెళ్ళడం మొదలుపెట్టింది. ముగ్గురూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. "పోనాదమ్మా, మొత్తం పోనాది" అన్నాడు ఆదిబాబు, పొట్టి రసీదు చింపి ఇస్తూ. అయిదు కావడానికి నాలుగు నిమిషాలుంది. ఆ నాలుగు నిమిషాల్లో ఆమెకి అన్ని రకాల జవాబులూ తోచాయి, వ్యాసం తిప్పి పంపుతున్నాం, మీ ఆసుపత్రికి రాస్తున్నాం, ఇంకెప్పుడూ పంపకండి. భయం ఉంది, కానీ పొద్దున్నుంచి ఉన్న భయం కాదు ఇది, దాచిపెట్టాల్సిన పని లేని భయం. అయిదూ పదికి ఫోను మోగింది. కాగితం మీద రాసిన కొట్టు నంబరుకి పత్రిక సంపాదకుడే చేశాడు. ఈ నెల వెయ్యలేనన్నాడు. పట్టిక సరిచేసి పంపితే మళ్ళీ పరిశీలకులకి చూపించి, వాళ్ళు సరేనంటే వచ్చే ఏడాది మార్చి సంచికలో వేస్తానని, మీరిద్దరూ రాసింది వ్యాసం కిందే అచ్చేస్తానని, జనవరి నుంచి తనకి వచ్చిన కాగితాల్లో 'అవును' అని ఉన్నది ఇదొక్కటేనని అన్నాడు. ఇబ్బందుల సంగతి వివరంగా రాయండి, డాక్టర్లకి కావలసింది అదే అన్నాడు. ఆమె రిసీవరు పెట్టి చెబితే సీతారామరావు గారు తల ఊపి, "మార్చి అంటే చాలా టైముంది. మాస్టారినీ డ్రైవరునీ నేను వెతుకుతాను, ఫైళ్ళలో అడ్రసులుంటాయి" అని గొడుగు తీసుకున్నారు. ఆయన నడక చూస్తుంటే, ఎందుకో, పదేళ్ళు తగ్గినట్టనిపించింది.

నితిన్‌కి కూడా తనే చెప్పాలి, ఇంకెవరి ద్వారానో తెలియకూడదు, సోమవారం పొద్దున్నే చెప్పాలి. అతనికి కోపం వస్తుంది. తర్వాత వాళ్ళ నాన్న గుర్తొస్తాడేమో. ఆమె ఎక్కిన బారిడీహ్ ఆటో సాక్చీ దాటింది, వాన వెలిసి రోడ్డు మీద ఎండ పొడి పసుపులా పడింది, తడిసిన చెట్ల మీంచి ఆవిరి లేస్తోంది, పక్కన కూర్చున్న ముసలమ్మ ఒళ్ళో తట్ట నిండా జామకాయలు, ఆ వాసన ఆటో అంతా నిండింది. వసంతలక్ష్మి లోపలికి గట్టిగా ఊపిరి పీల్చుకుంది, అందరినీ ఊదు, ఇంకా ఊదు అని తొందరపెట్టేదే గానీ తను ఇలా పీల్చి ఎన్నాళ్ళయిందో. మిగిలిన ఐదుగురి మొహాలు కూడా వస్తాయి. రాకపోతే వెళ్ళి చూస్తుంది.

బారిడీహ్‌లో ఇల్లు కనుక్కోవడానికి పావుగంట పట్టింది. సూర్యం భార్య తవిటమ్మ గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. డాక్టరమ్మని తన వాకిట్లో చూసి చేట పక్కన పెట్టి, చేతులు చీరకి తుడుచుకుంటూ లేచింది, మొహంలో కంగారు.

"ఏటమ్మా ఇలాగొచ్చినారు? మాయాయన మళ్ళీ ఏటైనా జబ్బు సేసుకున్నాడేటి? డూటీలో ఉన్నాడు, ఆరింటికొత్తాడు."

"జబ్బేం కాదు. ఆయన్ని ఒక మాట అడిగిపోదామని వచ్చాను."

"ఆ మందు మానీసినాడని కోపమా?"

"కోపం కాదు తవిటమ్మా" అంది వసంతలక్ష్మి, ఆమె వేసిన పీట మీద కూర్చుని, సంచిలోంచి కొత్త కాగితం తీసి మోకాళ్ళ మీద పెట్టుకుంటూ. "ఎందుకు మానేశాడో ఆయనప్పుడే చెప్పాడు. నేనే రాసుకోలేదు."